పండుగ మొదట ఎవరి ఇంట?
(శతవార్షికోత్సవ సభలలో కుటుంబ జీవితముపై జరిగిన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మాట్లాడుతున్నది ఒక గొంతే అయినా మాట మాత్రం ఇద్దరిది. మేము భార్యాభర్తలము, ఇద్దరము ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారము. ఈ ప్రసంగము రాసేటప్పుడు ఒకరు రాసిన వాక్యాన్ని మరొకరు కొట్టివేస్తూ మూడు రాత్రులు కూర్చున్నాము. కాబట్టి ఇందులో మంచి ఏదైనా ఉంటే ఇద్దరిదీ, పొరపాటు ఉన్నా ఇద్దరిదీ.

మాకు ఇచ్చిన అంశము "పండుగ దినములలో కుటుంబము, సంఘసేవ, దానము". డిసెంబరు మొదటి వారము నుండి సంక్రాంతి వరకు మన ఇళ్ళలో ఏమి జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. చేలో కోతలు, కల్లంలో నూర్పులు. గుడికి సున్నము, వీధికి నక్షత్రాల దీపాలు. రాత్రి రెండు గంటల వరకు కీర్తనల బృందాలు. హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో పనిచేసుకునే పిల్లలు నాలుగు రోజుల సెలవు పెట్టి, రైలులో నిలబడి ప్రయాణము చేసి పొందూరు స్టేషనులో దిగుతారు. గుజరాతు తీరానికి చేపలవేటకు వెళ్ళిన మన జిల్లా మత్స్యకారుల ఇళ్ళలో ఎదురుచూపులు. ఇవన్నీ ఆ కొద్ది వారాలలోనే వచ్చి పడతాయి. దానధర్మాలకు కూడ మనము ఎంచుకునేది ఆ వారాలనే! ఏడాది పొడవునా గుర్తురాని పేదవాడు డిసెంబరు ఇరవైనాడు గుర్తుకు వస్తాడు.

ఈ అంశము గురించి ఉపదేశము చేయగల యోగ్యత మాకు లేదు. తప్పు చేసినవారము గనుక ఆ తప్పు చెప్పగలము. అదే చెప్పదలచినాము.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాలో పలాస దగ్గర తీరము దాటింది. ఉద్దానమంటే కొబ్బరి, జీడి తోటల సీమ గదా! ఆ ఒక్క రాత్రిలో తాతల నాటి కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా నేలకూలాయి. ఆ ప్రాంతాన్ని అంతకు ముందు నుండే మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. దానికి కారణమేమిటో శాస్త్రజ్ఞులు నేటికీ పూర్తిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధి కొరకు ప్రత్యేకంగా పరిశోధన ఆసుపత్రి తెరిచారు. 2018లో మాత్రం రక్తశుద్ధి కొరకు దూరాలు తిరిగే రోగులున్న ఇళ్ళ మీదనే చెట్లు పడ్డాయి.

మన సంఘ యువకులతో కలిసి మేమూ వెళ్ళాము. వెళ్ళినందుకు నేటికీ సంతోషమే. అక్టోబరు, నవంబరు నెలలలో ప్రతి శనివారము వ్యాను కట్టుకొని వెళ్ళేవారము. డిసెంబరు వచ్చేసరికి ఆ పని మాకు ఒక మత్తు వంటిదైపోయింది. "మాస్టారుగారు లేనిదే పని జరగదు" అని నలుగురు అంటూ ఉంటే చెవికి ఇంపుగా ఉండేది. అది వినడానికే వెళుతున్నామా అన్న ప్రశ్న అప్పట్లో మాకు తోచలేదు.

ఆ ఏడు డిసెంబరు 23న మా అమ్మాయి బిడ్డను తీసుకొని హైదరాబాదు నుండి వచ్చింది. ఇంట్లో ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ. ఆమె నడివయసు వరకు రాట్నము మీద నూలు వడికిన మనిషి. అప్పటికి చూపు మందగించి, మనిషి గొంతును బట్టి పోల్చుకునేది. 24వ తేదీ ఉదయము మేమిద్దరము చీరల మూటలతో ఉద్దానము బయలుదేరాము. "సాయంత్రానికి వచ్చేస్తాము" అని అమ్మాయితో చెప్పాము. దారిలో ఆలస్యము, అక్కడ సభ, సభలో మైకు, మైకులో దాతల పేర్లు. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అమ్మాయి గుమ్మము దగ్గరే కూర్చొని ఉంది. మనుమడు కొత్తచొక్కాతోనే నిద్రపోయాడు. అమ్మ మాత్రం మేలుకొనే ఉంది. మా అడుగుల చప్పుడు విని అడిగింది:

"పండగంతా పంచీసి వచ్చేరా బాబూ? మనింటికేటైనా మిగిల్చేరా?"

ఆమె మాటలో కోపము లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్లు అడిగింది. మేము నవ్వి ఊరుకున్నాము. తెల్లవారి ఆరాధనకు వెళ్ళాము, భోజనాలు చేశాము, మధ్యాహ్నము మరల లెక్కలు చూసుకోవడానికి వెళ్ళిపోయాము. 26న అమ్మాయి రైలెక్కింది. మార్చి నెలలో అమ్మ ప్రభువు సన్నిధికి చేరింది. ఆమెకు అదే ఆఖరి క్రిస్మసు. ఆనాడు ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పే అవకాశము మాకు మళ్ళీ రాలేదు.

సువార్తలో "కొర్బాను" అన్న మాట ఉంది. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనే వారిని ప్రభువు గద్దించిన సందర్భమది. పెళ్ళైన కొత్తలో ఆ భాగము చదివినప్పుడు పిసినిగొట్టు కొడుకుల గురించి చెప్పినదనుకున్నాము. మేము పిసినారులము కాము, అందరికీ ఇచ్చేవారమే. అయినా మేము కొర్బాను అన్నాము. మేము దేవుని పేరు చెప్పి ఎగ్గొట్టినది డబ్బు కాదు, ఒక సాయంత్రము.

ఇది కథలో మొదటి సగము. రెండవ సగము దానము గురించి.

మరుసటి సంవత్సరము, అనగా 2019లో, దూరము వెళ్ళకుండా పొందూరులోనే ఏదైనా చేద్దామని తలచి, నలభైమంది పేద స్త్రీలకు చీరలు పంచాము. ఒక్కొక్కటి మూడు వందల రూపాయలు, మిల్లు చీరలు, మొత్తము పన్నెండు వేలు. పేర్లు పిలిచాము. ఒక పేరు పిలిస్తే ఎవరూ రాలేదు. ఆమె మా వీధి చివర ఉండే వృద్ధురాలు, నూలు వడికే మనిషి. మేము చీర పట్టుకొని ఇంటికి వెళ్ళాము. ఆమె వసారాలో రాట్నము ముందు కూర్చొని ఉంది. చీర వైపు చూడకుండానే అన్నది:

"ఈ సీర నాకెందుకు మాస్టారూ? నాను ఒడికిన నూలుతో బట్ట నేస్తన్నారు గదా, ఆ బట్ట మీరెప్పుడైనా కట్టుకున్నారేటి? మీరు కట్టుకుంటే నాకు పనుంటాది. పనుంటే నా సీర నానే కొనుక్కుంటాను."

మేము మిల్లు పంచె కట్టుకొని, మిల్లు చీర కట్టుకొని, మిల్లు చీర చేత పట్టుకొని ఆమె ముందు నిలబడి ఉన్నాము.

పొందూరు వారమని ఊరూరా గొప్పలు చెప్పుకుంటాము. గాంధీజీ మన సన్నఖాదీని మెచ్చి, తన కుమారుడు దేవదాసును ఇక్కడి పని చూసి రమ్మని పంపారని పెద్దలు చెబుతారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఇక్కడ ఏర్పడిందని పిల్లలకు పాఠము చెప్పాము. అక్కినేని నాగేశ్వరరావుగారు పొందూరు పంచె కట్టేవారని మురుస్తాము. ఆ బట్ట వెనుక ఎంత పని ఉన్నదో మాత్రం మరచిపోతాము. గింజ తీయకముందే వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వాలి. ఆ సన్నని పళ్ళ వంటి సాధనము మనిషి చేతితో చేయలేనిది. తరువాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, ఆ ఏకులు దుమ్ము పడకుండా ఎండిన అరటిపట్టలో దాచాలి, అప్పుడు రాట్నము. నూరవ నంబరు నూలు వడకాలంటే వెంట్రుక వంటి పోగు తెగకుండా చూపు నిలపాలి. ఇంత పనికి వచ్చే కూలి చాలదనే గదా పడుచువారు రాట్నము ముట్టక పట్నాలకు వెళ్ళిపోతున్నారు. మిగిలినవారిలో ఎక్కువమంది వయసు మళ్ళిన స్త్రీలే.

అటువంటి మనిషికి మనము మైకులో పేరు పిలిచి, ఫొటో తీసి, మిల్లు చీర ఇచ్చాము. అపొస్తలుల కార్యములలో దొర్కా అనే సహోదరి ఉంది గదా! ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టి ఇచ్చిన వస్త్రాలు చూపించారు. ఆమె చేతితో కుట్టింది. అంటే ఎవరి కొలత ఏదో, ఎవరికి ఏది లేదో ఆమెకు తెలిసి ఉండాలి. మాకు ఆ నలభైమంది కొలతలు తెలియవు, చాలామంది గడప కూడ తొక్కలేదు.

వస్త్రదానము మంచిదే. కాని బట్ట ఇవ్వడములో ఎంత పొరపాటు జరగవచ్చునో దేశమంతా చూసింది. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరములో ఎవరికీ పనికిరాని పాత బట్టలు గుట్టలుగా పడి ఉండినవి. చలిదేశపు కోట్లు, చిరిగిన గుడ్డలు, జాకెట్టు లేని చీరలు! ఇచ్చినవారు బరువు దించుకున్నారు, అందుకున్నవారు అవమానము మోశారు. 1999లో అంశు గుప్తా అనే ఆయన ఢిల్లీలో స్థాపించిన గూంజ్ అనే సంస్థ ఈ సంగతిని గట్టిగా పట్టించుకుంది. గ్రామస్థులు తమకు కావలసిన బావినో, బాటనో, వంతెననో తామే శ్రమించి చేసుకుంటారు, ఆ శ్రమకు ప్రతిఫలముగా బట్టలు అందుకుంటారు. అక్కడ చేయి చాచడము లేదు. ఆ పనికి ఆయనకు 2015లో మెగసెసే పురస్కారము లభించింది. మా వీధి చివరి వృద్ధురాలు ఆ సంస్థ పేరు ఎన్నడూ విని ఉండదు. ఆమె చెప్పినదీ అదే.

ఇక మన సంఘముల చరిత్రలోనే చూడండి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు. ఆయన దోర్నకల్ ప్రాంతపు బీద సంఘముల మధ్య పనిచేస్తూ దానము గురించి ప్రత్యేకముగా ఒక పుస్తకమే రాశారు. మన తెలుగు సంఘములలో తల్లులు వంటకు బియ్యము కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే వాడుక ఉన్నది. మా అమ్మ చూపు పోయిన తరువాత కూడ తడిమి చూసుకొని ఆ పిడికెడు వేసేది. ఆ పిడికెడుకు మైకు లేదు, పండుగ లేదు. ఆ దానము ఇంటిని విడిచి వెళ్ళి చేసేదీ కాదు. అది ఇంటి పొయ్యి పక్కనే, ప్రతి పూటా జరిగిపోతుంది. కుటుంబము వేరు, దానము వేరు అన్న చిక్కు మేము తెచ్చిపెట్టుకున్నదే. ఆమెకు లేదు.

ఇప్పుడు మీలో ఒక సందేహము కలుగవచ్చును. మాకూ కలిగింది. "తుపాను పండుగ చూసి వస్తుందా? ఆకలి సెలవు తీసుకుంటుందా? అందరూ ఇళ్ళలో కూర్చుంటే సంఘసేవ ఎవరు చేస్తారు?" ఇది న్యాయమైన ప్రశ్న.

దీనికి జవాబు మన జిల్లాలోనే దొరికింది. సోంపేట బీల భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రము వద్దని రైతులు, మత్స్యకారులు ఉద్యమించిన సంగతి మీకు తెలుసు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమములో రిలే నిరాహార దీక్షలు ఏళ్ళ తరబడి సాగాయి. రిలే అనగా వంతులు. ఈ రోజు కొందరు శిబిరములో కూర్చుంటే, రేపు వారు చేలోకో, వేటకో, ఇంటికో వెళతారు, మరికొందరు వచ్చి కూర్చుంటారు. శిబిరము ఖాళీ కాలేదు, కొంపలూ ఖాళీ కాలేదు. ఒక్కడే మొనగాడు కూర్చొని ఉంటే ఎన్నాళ్ళు సాగేది? వంతులు ఉన్నాయి గనుకనే అన్నేళ్ళు సాగింది.

మా ఉద్దానపు సేవలో వంతులు లేవు. మేమే వెళ్ళాలి, మేమే పంచాలి. అందుకే అది డిసెంబరు 24తో ఆగిపోయింది. అవును, ఆగిపోయింది! జనవరిలో అలసిపోయి మానుకున్నాము. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఆ కుటుంబాలకు కావలసినది ఆ ఆరేడు సంవత్సరాల తోడు. మేము ఇచ్చినది మూడు నెలల హడావుడి. పండుగరోజు ఇల్లు విడిచి వెళ్ళినందువలన ఇంటికీ మిగలలేదు, ఉద్దానానికీ మిగలలేదు.

అటుపైన మేము, మా సంఘములో మరికొన్ని కుటుంబాలవారు, కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. అవి గొప్పవేమీ కావు. మీకు ఉపయోగపడితే తీసుకోండి.

మొదటిది: వంతుల పుస్తకము. ఏ ఇంటివారు ఏ వారము సేవకు వస్తారో నవంబరులోనే రాసుకుంటాము. డిసెంబరు 23 నుండి 26 వరకు, జబ్బో చావో వస్తే తప్ప, ఎవరినీ ఇల్లు కదలమని అడగము. ఆ నాలుగు రోజులకు అత్యవసరము వస్తే వెళ్ళవలసినవారి పేర్లు కూడ ముందే రాసి ఉంటాయి, ఒక ఏడు వెళ్ళినవారు మరుసటి ఏడు వెళ్ళరు. కీర్తనల బృందము రాత్రి పది గంటలకు ముగించాలి. ఈ చివరి కట్టుబాటు మీద యువకులు మాతో రెండు వారాలు మాట్లాడలేదు! ఇప్పుడు వీధులను నాలుగు రాత్రులకు పంచుకొని, వారే సమయానికి ముగిస్తున్నారు.

రెండవది: అడిగి ఇవ్వడము. ఇద్దరిద్దరము ఇంటికి వెళ్ళి, కూర్చొని, వారు పెట్టిన టీ తాగి, మాట్లాడి వస్తాము. 1833లో పారిసు నగరములో ఓజనాము అనే విద్యార్థి తన మిత్రులతో విన్సెంట్ డి పాల్ సభ ప్రారంభించినప్పుడు పేదల ఇళ్ళకు స్వయముగా వెళ్ళడమునే ముఖ్యమైన పనిగా పెట్టుకున్నాడు. మేము వెళ్ళి అడిగితే చీర కావాలన్నవారు బహు కొద్దిమంది. ఒకరికి కళ్ళజోడు కావాలి. ఒకరికి ఇంటికప్పు మీద నాలుగు రేకులు. ఒకామెకు పింఛను కాగితము మీద పేరు తప్పు పడింది, దానిని సరిచేయించడానికి తోడు వచ్చే మనిషి కావాలి. ఆ పనికి మాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, మూడు పగళ్ళు ఖర్చు అయ్యాయి. ఇచ్చినది ఎవరికి, ఎంత అన్నది మైకులో చెప్పము. లెక్క మాత్రం గురువుగారి వద్దను కోశాధికారి వద్దను ఉంటుంది. గుట్టు వేరు, లెక్కలేనితనము వేరు గదా.

మూడవది: కొని ఇవ్వడము. ఇంట్లో వారికి పండుగబట్టలు కొనేటప్పుడు ఒక్కటైనా మన ఊరి ఖాదీ ఉండాలి. అందరికీ చీరలు, పంచెలు కొనే స్తోమతు లేదు, దానిని ఒప్పుకోవాలి. తువ్వాలు కొంటారు, చేతిరుమాలు కొంటారు, ఒక ఏడు చిల్లర దాచుకొని మరుసటి ఏడు చొక్కాగుడ్డ కొంటారు. దీనివలన పొందూరు నూలుపని నిలబడిపోయిందని చెప్పలేము. పదిహేను కుటుంబాలు కొన్న తువ్వాళ్ళతో ఒక వృత్తి బ్రతకదు. దానికి మంచి కూలి, మంచి ధర, ప్రభుత్వపు పట్టింపు కావాలి, వాటి కొరకు అర్జీలు పెట్టడము, అడగడము కూడ సేవలో భాగమే. అయినా తాను వడికిన నూలు తన వీధిలోనే ఎవరో కట్టుకున్నారని తెలిస్తే వడికే మనిషి మెడ నిటారుగా ఉంటుంది. మేము కళ్ళారా చూశాము.

నాలుగవది: మన బల్ల దగ్గర ఒక చోటు. పండుగ ఇంట్లోనే అన్నాము గనుక తలుపు మూసుకోమని కాదు. పిల్లలు రాని ముసలివారిని, ఊరికి వెళ్ళలేని విద్యార్థిని భోజనానికి పిలుస్తాము. వారికి వేరే పంక్తి లేదు, వేరే వంట లేదు. పొంగడాలు వండేటప్పుడు వారూ పిండి కలుపుతారు.

ఈ కట్టుబాట్ల వలన విమర్శలు రాలేదా? వచ్చాయి. "ఇప్పుడు సేవ తగ్గించేశారు" అన్నారు. పంపిణీ సభ లేనందువలన చందాలు మొదటి ఏడు సగానికి పడిపోయాయి. పేరు వినబడనిదే ఇవ్వని చేయి మనలో చాలా ఉందని తెలిసింది. ఆ చేయి మా చేయి కూడ. మమ్మల్ని కూడ ఎవరూ మెచ్చుకోని ఆ మొదటి డిసెంబరు చాలా వెలితిగా గడిచింది. దాచడమెందుకు!

మా ఇద్దరి మధ్య కూడ తగాదా పూర్తిగా తీరలేదు. "ఇల్లు ముందు" అని ఒకరము అంటే, "ఇల్లు ముందు అన్నవాడు గడప దాటడు" అని మరొకరము అంటాము. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. అందుకే ఏటా నవంబరులో కూర్చొని మరల లెక్క వేసుకుంటాము.

నూరు సంవత్సరాల పండుగ చేసుకుంటున్నాము. ఈ నూరేళ్ళలో గుడులు కట్టినవారి పేర్లు రాతిపలకల మీద ఉన్నాయి. పిడికెడు బియ్యము వేసిన తల్లుల పేర్లు ఏ పలక మీదా లేవు. ఆ బియ్యముతోనే సంఘములు నిలిచాయని మన అందరికీ తెలుసు.

ఆనాడు ఉద్దానము నుండి ఆలస్యముగా వచ్చినప్పుడు మా అమ్మాయి ఏమీ అనలేదు. గత క్రిస్మసుకు వచ్చినప్పుడు అన్నది. బియ్యము కొలుస్తూ, మామ్మ వేసిన కుండలోనే పిడికెడు వేసి, "ఈ ఏడు మీరిద్దరూ ఇంట్లోనే ఉన్నారు గదా, రేపు నాతో రండి, ఆ వీధి చివరి మామ్మను చూసి వద్దాము" అన్నది. ముగ్గురము కలిసి వెళ్ళాము, మనుమడు ముందు నడిచాడు. ఆమె ఇప్పుడు వడకలేదు, చూపు ఆనదు. మా భుజము మీది తువ్వాలు తడిమి చూసి, "మనదే" అన్నది.

ఈ డిసెంబరులో మీ ఇంట్లో ఎవరూ "మనకేమైనా మిగిలిందా?" అని అడిగే అవసరము రాకూడదనీ, మీ వీధిలో ఎవరూ పేరు పిలిపించుకొని తలవంచుకునే అవసరము రాకూడదనీ ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.